పరదేశపు పరికరములు: సీమ చరిత్ర చెప్పు సాక్ష్యము



నాలుగేండ్ల క్రిందట కుందేటి యొడ్డున నున్న మా గ్రామమునకు భూముల రీసర్వే వచ్చినది. రచ్చకట్టమీద మేము నలుగురైదుగురము పెద్దలము కూర్చుండి, చేలమీద తూనీగవలె తిరుగుచున్న యొక చిన్న యంత్రమును తలయెత్తి చూచుచుంటిమి. దానిని డ్రోను అందురు. నడపువాడు లోపల నుండడు. నేలమీద నిలిచి నడపును. దాని పొట్టక్రింద కెమెరా యుండును. గట్టును, కాలువను, చింతచెట్టును, గొఱ్ఱెల దొడ్డిని ఒక్కటియు విడువక చిత్రించును. నాకంటె పదేండ్లు పెద్దవాడగు రైతు ఒకడు నావైపు తిరిగి, “అయివారూ, మన చేన్ల పటం ఈ పురుగు తీస్తాండాదే, అది మొదట ఎవురి కంట్ల పడ్తాది?” అని యడిగెను.

నేను బడిలో ముప్పదియేండ్లకు పైబడి తెలుగును చరిత్రయు చెప్పినవాడను. అయినను ఆనాడు నోట మాట రాలేదు. ఇంటికి వచ్చి ఆలోచించితిని. తెలిసినవారి నడిగితిని. పాత పుస్తకములు మరల తెఱచితిని. ఆ రైతు ప్రశ్నకు ప్రపంచములోని పెద్ద పెద్ద ప్రభుత్వములే సమాధానము వెదకుచున్నవని అప్పుడు తెలిసికొంటిని. అంతకంటె నాకు ఆశ్చర్యము కలిగించినది మఱియొకటి. అట్టి ప్రశ్న మన సీమకు క్రొత్తది కాదు. ఐదువందల యేండ్లుగా రూపు మార్చుకొని మనయెదుటికి వచ్చుచునే యున్నది. నేటి ప్రసంగమున ఆ సంగతి మనవి చేసెదను.

మొదట నేటి విషయము. అమెరికా దేశపు సైన్యము 2017 ఆగస్టులో చీనా దేశమున తయారైన ఒక కంపెనీ డ్రోనులను వాడుట మానుడని తన దళములకు ఉత్తరువిచ్చెను. 2019 డిసెంబరులో ఆ దేశపు రక్షణశాఖ చీనా డ్రోనులను కొనరాదని చట్టమే చేసిరి. 2020 జనవరిలో అడవులను, ప్రభుత్వ భూములను చూచు వారి యంతరంగశాఖ తనకున్న సుమారు 800 డ్రోనులను, కార్చిచ్చు మొదలగు అత్యవసరములకు దక్క, నేలకు దింపివేసెను. 2023 డిసెంబరులో వచ్చిన చట్టము ఈ నిషేధమును కేంద్రప్రభుత్వ శాఖలన్నిటికిని విస్తరింపజేసినది.

మన దేశమును ఊరకుండలేదు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో మన సైనికులు ఇరువదిమంది వీరమరణము నొందిరి. మరుసటి నెల 23వ తేదీన కేంద్రప్రభుత్వము తన కొనుగోలు నిబంధనలను మార్చినది. మనతో భూసరిహద్దు గల దేశముల వ్యాపారులు ప్రభుత్వ టెండర్లలో పాల్గొనవలెనన్నచో ముందుగా నమోదై అనుమతి పొందవలెనని శాసించినది. 2021 ఆగస్టులో డ్రోను నియమములు వచ్చినవి. 2022 ఫిబ్రవరి 9వ తేదీన విదేశములందు తయారైన డ్రోనుల దిగుమతినే నిషేధించిరి. దేశరక్షణకును, శాంతిభద్రతలకును, పరిశోధనకును మాత్రము అనుమతిపై తెచ్చుకొనవచ్చునని మినహాయింపు నిచ్చిరి. అయితే ఒక మాట గుర్తుంచుకొనవలెను. పూర్తి డ్రోనును తేరాదు గాని, దాని భాగములను తెచ్చుటకు ఆ ఉత్తరువున అడ్డు లేదు. ఈ సందు సంగతి తరువాత చెప్పెదను.

ఇంతగా భయపడుట యేల? డ్రోనును కేవలము ఎగిరెడి బొమ్మ యనుకొనరాదు. దానికి మోటారులు, రెక్కలు, బ్యాటరీ యున్నవి, అవి కాళ్లవంటివి. కెమెరా యున్నది, అది కన్ను. నేలమీది మనిషితో మాటలాడు రేడియో యున్నది. అది చెవియు నోరును. వీనినన్నిటిని నడిపించు సాఫ్టువేరు బుద్ధి వంటిది. ఆ బుద్ధిని తయారుచేసినవాడు దూరమునుండియే దానిని మార్చగలడు. ఫలానా తావున నెగురరాదని కట్టడి చేయగలడు. తీసిన చిత్రములు ఎచ్చటి సర్వరులలో నిలువ యుండవలెనో వాని యేర్పాటును బట్టియే యుండవచ్చును. సొమ్మిచ్చి కొన్నవాడు ఒకడు, లోపలి తాళపుచెవి గలవాడు మఱియొకడు అయినచో ఆ వస్తువు ఎవరిది? ప్రభుత్వములను వేధించుచున్న ప్రశ్న యిదియే.

ఇక మన చరిత్రలోనికి పోవుదము.

విజయనగర ప్రభువులకు గజబలము, కాల్బలము స్వదేశములోనే దొరకెను. అశ్వబలమునకు మాత్రము పరదేశమే దిక్కయ్యెను. దక్కను నేలయు, ఎండయు, మేతయు యుద్ధాశ్వముల పెంపకమునకు అనుకూలములు కావు. అందుచేత అరబ్బు, పారసీక దేశముల గుఱ్ఱములు సముద్రముమీద ఓడలలో రావలసి యుండెను. పదునాఱవ శతాబ్దమున విజయనగరమునుగూర్చి వ్రాసిన నూనిజ్ అను పోర్చుగీసువాడు ఒక వింత సంగతి చెప్పియున్నాడు. సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను బ్రతికినను చచ్చినను మూటికి వేయి వరహాల చొప్పున తీసికొనెడివాడట. సముద్రములో చచ్చిన గుఱ్ఱపు తోకను తెచ్చి చూపినను, బ్రతికిన గుఱ్ఱమునకు వలెనే వెల యిచ్చెడివాడట! వర్తకుడు గుఱ్ఱము నీయలేదు, తోక నిచ్చెను. రాజు మాత్రము పూర్తి వెల చెల్లించెను. రాజు తెలివితక్కువవాడు కాడు. తోకకు వెల యీయనిచో ఆ వర్తకుడు మరుసటి యేడు ఓడను శత్రువు రేవునకు త్రిప్పునని యాతనికి తెలియును. అక్కఱ గలవాని బేరము అట్లే యుండును.

తరువాత పరిస్థితి మఱింత బిగిసినది. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిరి. 1515లో పారసీక సముద్రపు ముఖద్వారమగు హోర్ముజును స్థిరముగా చేజిక్కించుకొనిరి. గుఱ్ఱము ఓడయెక్కు రేవును వారిదే, దిగు పెద్ద రేవును వారిదే. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినపుడు, గుఱ్ఱముల నమ్మవచ్చిన క్రిస్తోవావ్ ద ఫిగ్యెరేదో అను పోర్చుగీసువాడు తన యిరువదిమంది తుపాకికాండ్రతో గోడలమీది కావలివారిని కాల్చి రాయలకు తోడ్పడెను. పరదేశి సాయము ఎల్లపుడును చెడ్డదని నేను చెప్పను. ఆనాడు అది విజయమునకు అక్కఱకు వచ్చినది.

1547లో పోర్చుగీసు గవర్నరు జువావ్ ద కాస్త్రో విజయనగరముతో ఒడంబడిక చేసికొనెను. గోవాకు వచ్చు గుఱ్ఱములు విజయనగరమునకే గాని బిజాపూరునకు పోరాదు. దానికి బదులు మన సీమల సురేకారము, ఇనుము పోర్చుగీసువారికే దక్కవలెను. సురేకారము తుపాకిమందునకు మూలమని మీకు తెలియును. అనగా ముడిసరకు మనది, సిద్ధమైన బలము వారిది. ఆ ఒడంబడిక యెంతకాలము నిలిచినది? మరుసటి యేడే, 1548లో, క్రొత్త గవర్నరు బిజాపూరుతోను సంధి చేసికొనెను. అమ్మువానికి శత్రుమిత్రభేదము లేదు. రేవు నిండుటయే వానికి కావలసినది. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలినది. ఆ కూలుటకు గుఱ్ఱములే కారణమని నేననను. కారణములు పెక్కులు గలవు. అయితే రెండువందల యేండ్లు ఏలిన సామ్రాజ్యము తన సైన్యపు కాళ్లను తన నేలమీద పెంచుకొనలేక పోయినదను మాట నిజము.

రెండవ సాక్ష్యము కడప సీమలోని గండికోట. పెన్న ఎఱ్ఱమల కొండలను కోసికొని పారు ఆ లోయను మీలో పలువురు చూచియుందురు. 1650 ప్రాంతమున గోలకొండ సుల్తాను సేనాని మీర్‌జుమ్లా ఆ కోటను పట్టుకొనెను. 1652లో అచ్చటికి వచ్చిన టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు తాను కన్నదియు విన్నదియు వ్రాసినాడు. మీర్‌జుమ్లా కొలువులో క్లోద్ మాయీ అను ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోయుటకు కుదిరెను. ఇరువది ఫిరంగులు కావలెనని ఉత్తరువు. దానికి వలయు రాగికై చుట్టుపట్ల దేవాలయముల విగ్రహములను కూడబెట్టించిరి. గండికోట గుడిలోని యాఱు విగ్రహములు మాత్రము ఎంత కాచినను కరగలేదనియు, మాయీ ఆ నెపమును పూజారుల మంత్రములమీద వేసెననియు టావెర్నియే చెప్పును. తుదకు పోసిన వానిలో ఒకటి పగిలెను, ఒకటి అసంపూర్ణమయ్యెను. సరియైన ఫిరంగి యొక్కటియు సిద్ధము కాలేదు. మాయీ పని విడిచి వెళ్లిపోయెను.

శ్రోతలారా, నష్టమెవరికి? ఊరూర తరతరములుగా పూజలందుకొన్న వేల్పులు మూసలపాలైరి. నవాబునకు ఫిరంగి రాలేదు. పోవునపుడు ఆ పనివాడు తన విద్యను తనతోనే తీసికొనిపోయెను. మన కంచరులు, కమ్మరులు విగ్రహములు పోయుటలో ఆరితేరినవారే. వారి చేతికి ఆ విద్యను అందించు నేర్పాటొకటి జరిగినట్లు ఆ వ్రాతలో కానరాదు. గుఱ్ఱముల కథలో కొన్నది వస్తువు. గండికోట కథలో కొన్నది విద్య. అద్దెకు తెచ్చిన విద్య అద్దె తీరగనే లేచిపోవును.

మూడవ సాక్ష్యము కర్నూలు. 1839 నాటికి కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కుంఫిణీ వారికి లోబడి కప్పము గట్టుచుండెను. అతడు రహస్యముగా ఆయుధములు కూర్చుచున్నాడని కుంఫిణీ వారికి అనుమానము కలిగి సైన్యమును పంపిరి. కోటలోను, తోటలలోను, కడకు అంతఃపురపు టావరణములందును ఫిరంగులు, మందుగుండు, పోతపని కొలుములు బయటపడెనని ఆనాటి యధికారులు వ్రాసిరి. ఇచ్చట వస్తువు ఇంటిలోనే తయారైనది. మఱి నవాబు ఏల ఓడెను? ఆయుధములు పట్టు చేతులు అతనివి కావు. అరబ్బులు, రోహిలాలు జీతమునకు వచ్చినవారు. వారికి జీతము బాకీ పడెను. బాకీ చెల్లించువఱకు నవాబును కదలనీయమని వారే ప్రభువును పట్టి యుంచిరి. కోట కుంఫిణీ వారి వశమయ్యెను. 1839 అక్టోబరు 18వ తేదీన తుంగభద్ర యొడ్డున జోహరాపురము కడ జరిగిన పోరులో ఆ కూలి సైనికులు చాలమంది కూలిరి, నవాబు పట్టుపడెను. అతనిని తిరుచిరాపల్లికి పంపిరి. మరుసటి యేడు అచ్చటనే కత్తిపోటునకు గుఱియై మరణించెను. కర్నూలు రాజ్యము ఆ విధముగా అంతరించెను.

ఈ మూడు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిదానిలో వస్తువు పరాయిది. రెండవదానిలో విద్య పరాయిది. మూడవదానిలో చేయి పరాయిది. మూటిలో ఏ యొకటి పరుల వశమైనను మిగిలినవి ఉండియు లేనివే యైనవి. డ్రోనునందు ఈ మూడును ఒక్కచోట చేరినవి. మోటారు, బ్యాటరీ, కెమెరా వస్తువు, సాఫ్టువేరు విద్య, నడపువాడు చేయి. కనుకనే దిగుమతి నిషేధ మొక్కటియే చాలదని నా యభిప్రాయము.

నే నిందాక చెప్పిన సందు ఇదియే. పూర్తి డ్రోనును ఆపి, భాగములను రానిచ్చినచో, పైన మన పేరు చెక్కి లోపల పరాయి భాగము లుంచువారు బయలుదేరుదురు. పేరు మనది, పేగు పరాయిది. 2025 ఫిబ్రవరిలో మన సైన్యము సరిహద్దుకొఱకు కొనదలచిన 400 డ్రోనుల ఒప్పందములను రద్దు చేసెనని పత్రికలు ప్రకటించినవి. వాని వెల రెండువందల ముప్పది కోట్ల రూపాయలకు పైమాట. అమ్మినది స్వదేశపు సంస్థయే. లోపల చీనా భాగములున్నవను అనుమానమే రద్దునకు కారణము. ఆ మూడు నెలలకే, 2025 మే నెల 8వ తేదీ రాత్రి, పాకిస్తాను మన సరిహద్దు పొడవున 36 తావులమీదికి మున్నూటినుండి నన్నూటి వఱకు డ్రోనులను పంపెనని మన ప్రభుత్వము ప్రకటించినది; అవి తుర్కీ దేశపు తయారీ యని ప్రాథమిక పరీక్షలో తేలినది. కావున ఇది కాగితము మీది భయము కాదు.

ఈ కథలో మన సీమకు నేడొక క్రొత్త పాత్ర లభించినది. కర్నూలు జిల్లాలో రక్షణ పరిశోధన సంస్థవారి పరీక్షాక్షేత్రము గలదు. 2025 ఏప్రిల్ 13వ తేదీన అచ్చట కాంతికిరణముతో డ్రోనులను కూల్చు లేజరు ఆయుధమును పరీక్షించిరి. అదే సంవత్సరము జూలైలో, దేశములోనే తయారైన డ్రోనునుండి క్షిపణిని వదలి పరీక్షించిరి. ఓర్వకల్లు కడ 300 ఎకరములలో డ్రోనుల తయారీకి ప్రత్యేక కేంద్రము నెలకొల్పుటకు మన రాష్ట్రప్రభుత్వము పూనుకొన్నది. 2025 అక్టోబరు 16వ తేదీన కర్నూలులో ప్రధానమంత్రి ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామికవాడలకు శంకుస్థాపన చేసిరి. ఒకటి కర్నూలు జిల్లా, రెండవది కడప జిల్లా. గండికోటలో ఫిరంగి పోయలేకపోయిన నేల మీద నేడు ఆకాశపు కన్నులు తయారు చేయుదమను ప్రయత్నము. సంతోషింపవలసిన సంగతియే. ఆ వాడలలో మన పిల్లలు గేటు కావలివారు మాత్రమే యగుదురా, సాఫ్టువేరు వ్రాయువా రగుదురా అనునది బడులనుబట్టి యుండును. చేయియు, విద్యయు మనవి కానిచో భూమి యొక్కటి మనదైన ప్రయోజనము కొంచెము.

దీనికి ఎదురువాదమును గలదు. దాచిపెట్టుట నాకు సమ్మతము కాదు. పరదేశపు డ్రోను వెల తక్కువ, పనితన మెక్కువ యని చెప్పువారున్నారు. నిషేధము పెట్టినచో స్వదేశపు వర్తకుడు నాసిరకమునకు ఎక్కువ వెల చెప్పును. చేనికి మందు కొట్టించుకొను రైతు ఆ భారము మోయవలెను. అమెరికాలోను అగ్నిమాపక దళములవారు, పోలీసులు ఈ మాటయే చెప్పిరి. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. భద్రత యను పేరు చెప్పి చేతకానివానిని పోషించుట తోకకు వెల యిచ్చుట వంటిదే. కావున నిషేధమునకు మేర యుండవలెనని నా మనవి. సరిహద్దు, ఆనకట్ట, కోట, పోలీసు, భూముల పటము అను ప్రభుత్వపు పనులలో కట్టుదిట్టము కఠినముగా నుండవలెను. చేనికి మందు చల్లు యంత్రము విషయమున అంత బిగి యక్కఱలేదు. స్వదేశపు సంస్థకు రక్షణ నిచ్చినపుడు దానికొక గడువును, దాని భాగములను విప్పి చూచు పరీక్షయు నుండవలెను.

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు వచ్చెదను. భూమి పటమునకు ఇంత విలువ యేల? 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీ వారికి దత్తము చేసెను. అందుచేతనే దీనికి దత్తమండలములను పేరు వచ్చినది. అప్పుడు వచ్చిన కలెక్టరు మన్రో దొర మొదట తలపెట్టిన పెద్ద పనులలో ఒకటి పొలముల సర్వే. 1802 మొదలుకొని గొలుసులు పట్టించి చేను చేనును కొలిపించెను. ఏ చేను ఎంత, ఏ నేల యెట్టిది, ఎంత శిస్తు కట్టగలదు అని లెక్క వ్రాయించెను. దానివలన రైతుకు పేరున చేను నిలిచిన మేలును గలదు. శిస్తు తప్పించుకొనరాని బిగియు గలదు. అనగా పటము ఎవని చేత నుండునో నేల వానికి సగము లోబడినట్లే. ఇది పాలకులకు తెలిసిన రహస్యము. మన రైతునకు చదువు లేకున్నను ఆ రహస్యము తెలిసినందుననే అట్లడిగెను.

మొన్న సంక్రాంతికి ఆయనను మరల కలసికొని నాకు తెలిసినంత చెప్పితిని. పటము మన ప్రభుత్వపు కంటనే పడవలెనని కట్టడులు చేసియున్నారని చెప్పితిని. ఆయన విని, కొంతసేపు ఊరకుండి, “మన సర్కారోళ్ల కంట్ల పడినాక, ఆ కాగితం మనకు సూపిస్తారా అయివారూ?” అనెను. నాకు నవ్వు రాలేదు. పరాయి కన్నును తప్పించుట సగము పని; స్వదేశపు కన్ను చూచినది చూడబడినవానికి తెలియుట మిగిలిన సగము.

కావున పెద్దలకు నాదొక విన్నపము. మీ గ్రామముమీద అట్టి యంత్ర మెగిరినపుడు ఊరక చూచి పోనీయకుడు. వచ్చిన యుద్యోగిని మర్యాదగా కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, మూడు మాటలడుగుడు. ఈ యంత్రమును చేసినవారెవరు? తీసిన చిత్రము ఎచ్చట నిలువ యుండును? మా చేని పటమును మాకెప్పుడు చూపుదురు? అతనికి సమాధానము తెలిసిన చెప్పును. తెలియనిచో పై వారి నడుగును. అడుగువారు ఊరూర నున్నపుడు చట్టము కాగితము దిగి నేలమీద నడచును. అడుగువారు లేనిచో, బ్రతికిన గుఱ్ఱమునకును చచ్చిన గుఱ్ఱపు తోకకును మనము ఒకే వెల చెల్లించుచుందుము.

సెలవు.